సెప్టెంబరు మంచు

6 సెప్టెంబరు 1981, ఆదివారం. ఆకాశం నిర్మలం, గాలి లేదు. స్థలం: కద్మాలో అన్నయ్యగారింటి వరండా. హాజరు: అమ్మ, అన్నయ్య, వదిన, మా ఆవిడ, అమ్మాయి, నేను. విషయం: కారులో దక్షిణ దేశ యాత్ర.

ఆ రోజు పేజీలో నేను రాసుకున్న మొదటి వాక్యాలివి. హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్ళో, కారఖానాలో అప్పట్లో నా ఉద్యోగం ప్లానింగ్ ఆఫీసులో, డ్యూటీ చార్టులు వేయడం. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. ఎవరెవరు ఉన్నారో రాయకుండా, అంతకన్నా ముందు వాతావరణం రాయకుండా డైరీలో పేజీ మొదలుపెట్టడం నాకు మొన్నమొన్నటిదాకా చేతకాలేదు. వాన పడితే వాన, ఎండ కాస్తే ఎండ. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ, "కిటికీలోంచి చూస్తే తెలిసేదానికి రాయడం ఎందుకండీ" అని నవ్వేది.

ఆ పాత డైరీ ఇప్పుడు బయటికి తీయడానికి కారణం మా అమ్మాయి ఫోను. పోయిన వారం కారులో స్టీరింగు పక్కన దాన్ని తగిలించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సాక్చీ బజారుకి తీసుకెళ్ళింది. దారి పొడుగునా ఫోనులోంచి ఓ ఆడగొంతు హిందీలో చెబుతూనే ఉంది. ముందు ఎడమకి తిరగండి, తరవాత కుడికి తిరగండి, కాస్త నెమ్మది. నాకు మొదట నవ్వొచ్చింది, ఆ గొంతు మా వదిన తీరులోనే ఉందని. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అమ్మాయి, అల్లుడు ఈ చలికాలంలో కారు వేసుకుని దక్షిణాదికి వెళ్దామనుకుంటున్నారు. "నాన్నా, అప్పుడు మీరందరూ వేసిన రూటు ఎక్కడైనా రాసిపెట్టారా?" అని అడిగింది. రాసిపెట్టకపోవడమేమిటి? కాని ఆ రూటు మీద మేము వెళ్ళలేదు. అమ్మ శ్రీకూర్మం ఆ తరవాతెప్పుడో రైల్లో వెళ్ళి చూసింది. రామేశ్వరం చూడనే లేదు.

మా అన్నయ్య నాకన్నా చాలా పెద్దవాడు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. శ్రీకాకుళం వైపునుంచి ఖలాసీ పనికి వచ్చినవాళ్ళలో ఒకడు. గొలుసులు కట్టడం, బరువులు లేపడం దగ్గర మొదలుపెట్టి, కొన్నేళ్ళకి పైన క్రేన్ గదిలోకి ఎక్కాడు. కరిగిన ఉక్కు నిండిన పెద్ద బాల్చీని మనుషుల తలల మీదుగా తీసుకెళ్ళి చుక్క తొణక్కుండా దించేవాడని ఆయన పేరు. క్రేన్ మీద కూర్చున్నవాడికి తన బరువు కింద ఏముందో అన్ని వేళలా కనబడదు. కింద నిలబడ్డ సిగ్నల్ మనిషి చెయ్యి ఊపి, గొంతెత్తి చెబుతాడు. "ఆరియా" అంటే దించు. "హాబీస్" అంటే ఎత్తు. "బస్" అంటే ఆపు, ఇంకేమీ ఆలోచించకుండా ఆపు. ఖలాసీల భాష అది, ఏ దేశంనుంచి వచ్చిందో వాళ్ళకే తెలీదు. "కిందన ఏటుందో నాకు కనబడక్కర్నేదురా. సిగ్నలిచ్చేవోడు సరైనోడైతే సాలు," అనేవాడు అన్నయ్య. ఆ మూడు మాటలూ మా ఇళ్ళలో కూడా తిరిగేవి. అమ్మ మెట్లు దిగుతుంటే వదిన "ఆరియా, అత్తా, ఆరియా" అనేది. మా అమ్మాయిని చిన్నప్పుడు ఉయ్యాల ఎక్కించేటప్పుడు "హాబీస్". అన్నం వడ్డిస్తుంటే చాలు అనడానికి మేము ఎవరమూ చాలు అనేవాళ్ళం కాదు, బస్ అనేవాళ్ళం.

ఆ వేసవిలో అన్నయ్య హఠాత్తుగా పని మానేశాడు. ఇంకా సర్వీసు ఉంది. ఎందుకూ అంటే, "ఒళ్ళు సహకరించట్నేదు" అన్నాడు. ఆ ఒళ్ళు చూస్తే ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. బియ్యం బస్తాని ఒక్కడే మేడమీదికి మోసుకెళ్ళే మనిషి. మానేసిన నెలలోనే బూడిదరంగు పాత కారొకటి కొన్నాడు. లైసెన్సు ఎప్పటిదో ఉంది. పొద్దున్నే లేచి దాన్ని తుడవడం, బోనెట్ ఎత్తి లోపలికి చూడటం, పదయ్యాక వదినని ఎక్కించుకుని బజారుకి వెళ్ళడం. సాయంత్రాలు మాత్రం ఇల్లు కదిలేవాడు కాదు. చీట్లపేకకి రావడం కూడా మానేశాడు. కారు కొన్నాక మనిషి మారిపోయాడని స్నేహితులు అనుకున్నారు.

ఇక వదిన. మామూలుగా మితంగానే మాట్లాడేది. కారెక్కితే చాలు, నోరు ఆగేది కాదు. "అదిగో ముసలమ్మ రోడ్డు దాటుతుంది, ఆ సైకిలోడు సూడండి ఎలగొత్తన్నాడో, ఎడం పక్కన గొయ్యి, ఆరియా ఆరియా, ఆఁ, ఇప్పుడు హాబీస్." కారులో ఆరియా అంటే వేగం దించు, హాబీస్ అంటే పోనీ. మా ఆవిడ ఆమెకి రేడియో అని పేరు పెట్టింది. ఆ పేరుకి అందరికన్నా ఎక్కువ నవ్వేది వదినే.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో చాప పరిచి, దాని మీద నా మేపు పరిచాను. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు. ప్రయాణం దసరా సెలవుల్లో. అమ్మకి కావలసినవి రెండే, శ్రీకూర్మం, రామేశ్వరం. మా అమ్మాయి స్కూలు లైబ్రరీనుంచి ఓ పుస్తకం తెచ్చి కోణార్క్ చక్రం గురించి, మహాబలిపురం రాతిరథాల గురించి హిందీలో చదివి వినిపించింది. మా ఆవిడకి కంచి చీరలు నేసే మగ్గం చూడాలని. అన్నయ్య కోరిక తంజావూరు. పెద్ద గుడి గోపురం మీద, అంత ఎత్తున, అంత బరువు రాయి ఉందని ఎవరో చెప్పారు.

"క్రేనూ నేదు, కరెంటూ నేదు. ఎలగెత్తేర్రా అది?" అన్నాడు. "అక్కడ నిలబడి పైకి సూడాల. ఈ ఏడే సూడాల."

"ఈ ఏడు కాపోతే వచ్చే ఏడు. గోపురం ఎక్కడికెల్పోద్ది?" అంది అమ్మ.

"గోపురం ఎక్కడికీ ఎల్దమ్మా," అన్నాడు అన్నయ్య. వదిన లేచి లోపలికి వెళ్ళి, ఏమీ తేకుండానే తిరిగొచ్చింది.

దారి నేను నా పద్ధతిలో వేశాను. ఏ ఊరికి ఏ వేళకి చేరాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి. ప్రతి ఊరి దగ్గరా వదిన ఒక్క మాటే. సందె పడే వేళకి బండి ఆగిపోవాలి.

"నాను మొక్కుకున్నాను. సందె దీపం గుళ్ళో సూడాల," అంది.

"రోజూనా, అక్కా?" అని అడిగింది మా ఆవిడ.

"రోజూనే."

"ఏ దేవుడికి మొక్కేవే?" అంది అమ్మ.

"అందరికీ, అత్తా."

"అందరికీ మొక్కితే ఒకడి మీద ఒకడు తోసేసుకుంటారే," అంది అమ్మ. అందరం నవ్వాం. ఆమె లెక్క ప్రకారం ఆగుతూ పోతే సెలవులు కంచిలోనే అయిపోయేట్టున్నాయి. అందుకని నెల్లూరు దాటాక ఎండలో పోలేని ఆ పొడుగు దారిని నైట్ షిఫ్టులో పెడదామన్నాను. రాత్రి చల్లగా ఉంటుంది, రోడ్డు ఖాళీగా ఉంటుంది, అమ్మ వెనక పడుకుంటుంది.

అన్నయ్య మోచేతి పక్కనే పెట్టిన టీ గ్లాసుని ఆ క్షణంలోనే చేత్తో తోసేశాడు. మేపు మీద టీ తమిళదేశమంతా పాకింది. "ఇక్కడెవడు పెట్టేడు?" అన్నాడు. పెట్టింది వదిన, ఆయన చూస్తుండగానే. నాకు ఆ రోజుల్లో ఇలాంటివి లెక్కలోకి వచ్చేవి కావు. పెద్దవాడు, చెయ్యి తగిలింది అనుకున్నాను.

"రేత్రి పయనం వద్దు బాబూ," అంది వదిన నాతో, మేపు తుడుస్తూ. "మీ అన్నకి నిద్రాగదు."

"ఎవడికి?" అన్నాడు అన్నయ్య. "ఇన్నేళ్ళు నైట్ డ్యూటీ సేసినోణ్ణి, నాకు రేత్రేటి, పగలేటి?"

"పెద్దమ్మ కో డర్ లగ్తా హై," అంది మా అమ్మాయి నవ్వుతూ.

"అవునే గుంటా, బయమే నాకు," అంది వదిన. ఆవిడ నవ్వలేదు.

అన్నయ్య ముఖం మారిపోయింది. లేచి నిలబడి, దులుపుకుని, "పదండి," అన్నాడు. అగ్రికోలో నా ఆఫీసు స్నేహితుడి దగ్గర తమిళదేశం మేపు ఇంకొకటి ఉందని అంతకుముందే చెప్పాను. "ఎల్లి అది తెచ్చీసుకుందాం. సీకటి పడ్డాకే తిరిగొద్దాం. ఈవిడ బయం ఈయాల్టితో తీరిపోవాల."

కారు దగ్గర చిన్న గొడవ. వెనక కూర్చుంటే వాంతి వస్తుందని అమ్మ ముందు సీట్లో కాళ్ళు ముడుచుకుని బైఠాయించింది. "అత్తా, ఇయాల్టికి నాను ముందు కూకుంటాను," అని వదిన రెండుసార్లు అడిగింది. తలుపు పట్టుకుని వదల్లేదు. చివరికి అన్నయ్యే, "రేడియో ఎనకనుంచి మోగితే నాకు ఇనబడదా ఏటి? ఎక్కు," అన్నాడు.

వెళ్ళేటప్పుడు వెలుతురుంది. ఏ ఇబ్బందీ లేదు. అగ్రికోలో నా స్నేహితుడు మేపు ఇచ్చి, టీ తాగి వెళ్ళమని బలవంతం చేశాడు. వదిన గ్లాసు ముట్టుకోలేదు. కిటికీ బయట ఆకాశం రంగు చూస్తూ కూర్చుంది. మేము బయటపడేసరికి సందె పడింది. వీధి దీపాలు కొన్ని వెలిగాయి, కొన్ని ఎప్పటిలాగే వెలగలేదు. కారఖానా వైపు స్లాగ్, అంటే కరిగిన ఇనపచిట్టెం, పారబోశారు కాబోలు, ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడింది. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లలకి అది చందమామ లాంటిదే. "అదిగో, పోశారు!" అని మా అమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టింది. ఆ ఎర్రదనం రెండు నిమిషాల్లో చల్లారింది. చల్లారాక రోడ్డు ముందుకన్నా నల్లగా అయింది.

వెనక సీట్లోంచి వదిన మొదలుపెట్టింది. "రిచ్చావోడు, ఎడం పక్కన. కుక్క. ఎదర లారీ వత్తంది, లైట్లేసుకుని. ఆరియా. ఆరియా."

"పెద్దమ్మా, చుప్ రహో నా! రేడియో బంద్ కరో," అంది అమ్మాయి. మా ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

"ఒల్లకోయే," అన్నాడు అన్నయ్య, వెనక్కి తిరక్కుండానే. "నాకు కళ్ళు నేవేటి?"

వదిన ఆగిపోయింది. ఆమె అలా ఆగిపోవడం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఆమె నా పక్కనే ఉంది. ముందు సీటు వెనకభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని, మెడ చాచి, అన్నయ్య భుజం మీదుగా రోడ్డుని చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. కాసిడీహ్ వైపు మలుపు తిరిగాక ఎడమ చక్రాలు రోడ్డు దిగి కంకర మీద పడ్డాయి. అన్నయ్య మళ్ళీ పైకి ఎక్కించాడు. కాసేపటికి మళ్ళీ దిగాయి. అమ్మ ముందు సీట్లో కాళ్ళు కిందికి దించి కూర్చుంది.

అప్పుడు కనబడింది ఒక ఠేలా, సరుకులేసే రిక్షాబండి. దుర్గాపూజ పందిరికి వెదురుబొంగులు వేసుకుని ఓ మనిషి తొక్కుకుంటూ పోతున్నాడు. దీపం లేదు, వెనక ఎర్రగుడ్డ లేదు. బొంగుల చివర్లు బండి దాటి మా వైపు పొడుచుకుని ఉన్నాయి, అమ్మ ముందున్న అద్దం ఎత్తుకి సరిగ్గా. నాకు కనబడింది. మా ఆవిడకి కనబడింది, ఆమె చెయ్యి నోటికి వెళ్ళింది. అన్నయ్యకి కూడా కనబడే ఉంటుందని, ఇప్పుడు వేగం తగ్గిస్తాడని మేమందరం ఎదురుచూస్తున్నాం. కారు అదే వేగంతో పోతోంది.

"బస్! బస్! బస్!"

వదిన గొంతు అది. ఆ కేక కారులో కూర్చున్న ఆడమనిషి కేకలా లేదు, వేడిబాల్చీ కింద నిలబడ్డవాడి కేకలా ఉంది. అన్నయ్య కాలు బ్రేకు మీద పడింది. ఏమీ ఆలోచించకుండా, ఎందుకని అడక్కుండా పడింది. మేమందరం ముందుకి తూలాం. కారు ఆగింది. అద్దానికీ వెదుళ్ళకీ మధ్య జానెడు జాగా ఉందేమో. అమ్మ అరచెయ్యి అద్దానికి ఆనించి ఉంది, వాటిని ఆపడానికన్నట్టు. ఠేలా మనిషి వెనక్కి తిరిగి కూడా చూడలేదు. బొంగులు ఊగుతూ, కిర్రుమంటూ ముందుకి సాగిపోయాయి.

అన్నయ్యే అన్నాడు, "ఏటంత అరుపు? ఆ ఆవుని సూసేన్లే నాను."

ఆ రోడ్డు మీద ఆవు లేదు.

"గాయ్ కహాఁ..." అని మా అమ్మాయి మొదలెట్టింది. మా ఆవిడ దాని తొడ మీద గట్టిగా గిల్లింది.

అమ్మ తలుపు తీసుకుని దిగింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గరికొచ్చింది. "నెగే, కోడలా. నువ్వు ముందుకెల్లు," అంది. తిరిగొచ్చే ఆ దారంతా వెనక సీట్లో కూర్చున్నా అమ్మకి వాంతి రాలేదు. వదిన ముందు కూర్చుని, కొంగు బిగించుకుని, గొంతు మామూలుగా చేసుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఆరియా. ఎడం పక్కకి కొంచెం. సైకిలు. ఆఁ, పోయింది. హాబీస్. బస్. మళ్ళీ హాబీస్. కద్మా చేరేదాకా అదే. ఎవరూ నవ్వలేదు. అన్నయ్య ఒక్కమాటకి కూడా అడ్డు చెప్పలేదు, చెప్పింది చెప్పినట్టు చేశాడు. నాకు అప్పుడు ఒకదాని వెనక ఒకటి తెలిశాయి. ఆ వేసవిలో ఆయన క్రేన్ ఎందుకు దిగిపోయాడో, సాయంత్రాలు ఇల్లెందుకు కదలడో, వదిన అన్ని గుళ్ళ సందె దీపాలకీ ఎందుకు మొక్కిందో, తంజావూరు ఈ ఏడే ఎందుకు చూడాలో. రేచీకటి అనే మాట మా ఊరి ముసలివాళ్ళ నోట ఎన్నోసార్లు విన్నదే. మా తాతకి కూడా ఉండేదని అమ్మ చెప్పేది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక కూడా ఆ మాట మాలో ఒక్కరి నోటినుంచీ రాలేదు.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకి వెళ్ళే ముందు అన్నయ్యగారింటికి వెళ్ళాను. యాత్ర వద్దని ఎలా చెప్పాలో దారంతా సైకిలు మీద వల్లించుకుంటూ వెళ్ళాను. సెప్టెంబరు ఎండ అప్పటికే పడింది. గేటు పక్క నందివర్ధనం మీద రాత్రి చెమ్మ మెరుస్తోంది. కారు ఇంటి ముందు కడిగి ఉంది. అన్నయ్య అందులోనే కూర్చున్నాడు, స్టీరింగు దగ్గర కాదు, ఎడం పక్క సీట్లో. వదిన కూర్చునే చోట.

నా సైకిలు చప్పుడు విని తల తిప్పాడు. "సిన్నోడా?" అన్నాడు.

"నేనే, అన్నయ్యా."

"క్రేన్ నా అంతట నానే దిగిపోయేన్రా. కిందన మనుసులుంటారు కదా." ముందు అద్దంలోంచి సూటిగా చూస్తూ అన్నాడు. "బండి కూడా దిగిపోతే, మరి నానెక్కడ కూకోవాల?"

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి పక్క సీటు మీద పెట్టాడు. "ఇటెక్కు. నేర్సుకో. నాను సిగ్నలిత్తాను."

ఎక్కాను. నాకు స్కూటరు కూడా రాదు. ఆయన చెబుతున్నట్టే కాలు నొక్కి, తాళం తిప్పి, మెల్లగా కాలు వదిలాను. "హాబీస్," అన్నాడు ఆయన. కారు కదిలింది. ఆ ఒక్క క్షణం ఆయన ముఖంలో పాత వెలుగు వచ్చింది. తంజావూరు దాకా ఇలా వెళ్ళిపోవచ్చని నాకూ అనిపించింది. వదిన టీ గ్లాసు పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడింది, సరిగ్గా మా ఎదురుగా, ఎండలో.

"బస్," అన్నాడు అన్నయ్య. ఆపాను.

"ఇంత మంచేట్రా ఇయాల? ఎదర గేటే కనబడట్నేదు. లైట్లేసుకో. మీ వదినేది? టీ తెత్తానంది."

నేను ఆకాశం చూశాను. ఎక్కడా మబ్బుతునక లేదు. వదిన గ్లాసుని గేటు గోడ మీద పెట్టింది. పగలు ఆయనకి బాగానే కనిపిస్తుందని ఆమె నమ్మకం, అప్పటిదాకా. ఆ నమ్మకం మీదే ఆమె ఆ యాత్రంతా ఊరూరా ఆపుకుంటూ కట్టుకుంది.

"ఇక్కడే ఉన్నానండి," అంది. "అవును, మంచు. బాగా పట్టీసింది." అని నా వైపు చూసింది.

నేను లైట్లు వేశాను. ఆ ఎండలో అవి వెలిగాయో లేదో కూడా తెలియలేదు.

ఆ సోమవారం పేజీలో మొదట 'ఆకాశం నిర్మలం' అని రాసి, కొట్టేసి, 'మంచు' అని రాశాను. అన్ని డైరీలలోనూ వాతావరణం దగ్గర కొట్టివేత అదొక్కటే. మా అమ్మాయి రూటు కోసం అడిగినప్పుడు ఆ పేజీ తప్ప మిగతావన్నీ చూపించాను. తను ఊళ్ళన్నీ ఫోనులోకి ఎక్కించుకుంది, తంజావూరు కూడా. ఈమధ్య పొద్దున్నే మా వీధి చివర కొంచెం తెల్లగా ఉంటోంది. డైరీలో వాతావరణం రాసే చోటు కొన్నాళ్ళుగా ఖాళీగా వదిలేస్తున్నాను. ఇది మంచు కాలమేనా అని ఇంకా ఎవరినీ అడగలేదు.